లంగరు వేసిన రోజులు

విశాఖపట్నం, జాలరిపేట
10 జూన్ 1984

చిరంజీవి మరదలు చిట్టమ్మకు,

మీ ఆయన అక్క గంగాలమ్మ దీవించి రాస్తున్నది. మనం ఒకరినొకరం చూసుకోలేదు. నీ ఫొటో చూశాను. అమ్మ దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టింది. కాబట్టి అత్తగారి సంగతి నువ్వు బెంగ పెట్టుకోనక్కరలేదు.

తమ్ముడు అర్జునరావు ఏప్రిల్ నెలాఖరున ఓడ దిగి ఇల్లు చేరాడు. ఇక ఓడ ఎక్కనని, స్టీల్ ప్లాంటు పనులు చేయించే ఒక కంట్రాక్టరు దగ్గర ఫిట్టరుగా చేరాడు. మార్చిలో ఓడ రంగూన్‌లో బియ్యం ఎత్తడానికి ఇరవై రోజులు ఆగిందని, అప్పుడు తెలుగువాళ్ళ గుడిలో మీ పెళ్ళి జరిగిందని చెప్పాడు. అంతకు మించి చెప్పలేదు. "చిట్టమ్మకి ఉత్తరం రాయరా" అంటే, "ఏటి రాస్తాం అక్కా, వచ్చేస్తాది కదా" అన్నాడు. వాడికి కలం పట్టడం రాదు. అందుకని ఉత్తరాల పని నాది.

నేను ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాని. మా ఆయన పోయాక అమ్మ దగ్గరే ఉంటున్నాను. మా ఇంట్లో కాగితమంటూ వస్తే నా చేతికే వస్తుంది.

నీది తెలుగు మాట, బర్మా కాగితం. నువ్వు ఇక్కడికి కాపురానికి రావాలంటే వీసా కావాలి. దానికి నాలుగు అడిగారు: పెళ్ళి పత్రం, తమ్ముడి ఉద్యోగం కాగితం, ఇంటి రుజువు, వాడి ఇన్‌కంటాక్స్ రిటర్ను నకలు. మొదటి మూడూ ఇచ్చాను. రిటర్ను నేనే నింపాను. అందులో ఒక గడి ఉంది. ఏడాదిలో నూట ఎనభై రెండు రోజులు ఈ దేశంలో ఉంటే తమ్ముడు ‘నివాసి’. తక్కువైతే ‘నివాసి కాదు’. నివాసి కాకపోతే ఓడ జీతం మీద పన్ను లేదు. నిరుడు ఏప్రిల్ ఒకటి నుంచి ఆగస్టు ఇరవై దాకా ఇంట్లో ఉన్నాడు. నూట నలభై రెండు రోజులు. ఇరవైన గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి ఓడ ఎక్కించాం. మా ఇంటి ఆచారంలో కాయ కొట్టాక ఆ మనిషి ఊరొదిలినట్టే, ప్రయాణం ముగిసేదాకా గడప తొక్కడు. కాబట్టి లెక్కలో అనుమానం లేదు. ‘నివాసి కాదు’ దగ్గర గుర్తు పెట్టాను, వాడు సంతకం చేశాడు.

నీ పాస్‌పోర్టు సంగతి రాయి.

గంగాలమ్మ


రంగూన్
8 జూలై 1984

పూజ్యులైన వదినగారికి,

చిట్టమ్మ నమస్కరించి రాస్తున్నది. మీ ఉత్తరం ఇరవై నాలుగు రోజులకు అందింది. కవరు ఒక పక్క విప్పి మళ్ళీ అంటించి ఉంది. ఇక్కడ అది మామూలే. చదివినవాళ్ళకు మన ఇన్‌కంటాక్స్ సంగతులు తెలిసి ఉంటాయి.

మా తాత భీమునిపట్నం నుంచి స్టీమరులో వచ్చాడు. నేను పుట్టింది ఇక్కడే. నా బర్మా కాగితాల్లో పేరు ఖిన్ మే. చిట్టమ్మ అని పిలిచేది ఇంట్లోవాళ్ళు, మీ తమ్ముడు. సర్కారు ప్రైమరీ బడిలో పాఠాలు చెబుతాను. ఆదివారాలు గుడి వసారాలో మనవాళ్ళ పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దిస్తాను.

పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాను. వస్తుందన్నారు. ఇక్కడ అంతా బాగానే ఉంది.

మీ ఇంటికి సముద్రం ఎంత దూరం? ఆయనను అడిగితే "దగ్గరే" అన్నారు. ఓడలో పనిచేసినవాళ్ళకు అన్నీ దగ్గరే. మీరైతే సరిగ్గా చెబుతారనిపించింది.

చిట్టమ్మ


విశాఖపట్నం
16 సెప్టెంబరు 1984

చిట్టమ్మకు,

మా గడప నుంచి అలల తడి ఇసుక దాకా నూట పది అడుగులు. నీ ఉత్తరం చూశాక నడిచి లెక్కపెట్టాను. ఆటు వేళైతే ఇంకో ముప్పై.

నిన్న వీసా ఎంక్వైరీకి హెడ్ కానిస్టేబుల్ తవిటయ్యగారు వచ్చారు. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి అమ్మ ఆయనకు పీట వేసి, తాను గుమ్మంలో కూర్చుని కవళ్ళ చేపలు తోముతోంది.

"మీ కోడలు రావడం నీకు ఇష్టమేనా అమ్మా?" అన్నాడాయన.

"ఇష్టం కాకపోతే ఫొటోకి బొట్టెట్టుకుంటానా ఏటి?"

"నీ కొడుకు ఇక్కడే ఉంటన్నాడా?"

"ఆడెక్కడ ఉంటాడు బాబూ! ఏడాదిలో సగం సముద్రం మీదే కదా."

నేను గుమ్మం దగ్గర్నుంచే అందుకున్నాను. "అది నిరుడండీ. ఇప్పుడు స్టీల్ ప్లాంటులో పని. రోజూ ఇంటికొస్తన్నాడు."

"మరి నాను సెప్పింది నిరుటి సంగతే," అంది అమ్మ. "పోలీసోడు ఈయేటిది అడిగినాడా, నిరుటిది అడిగినాడా, నాకేటి తెలుస్తాది?"

ఆయన నవ్వి, రెండూ రాసుకున్నాడు. వెళ్తుంటే అమ్మ ఆకులో చుట్టిన రొయ్యలు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. అమ్మకు ఆ మనిషి మీద అనుమానం మొదలైంది. నాకు మాత్రం నమ్మకం కుదిరింది.

నెల రోజుల్లో తేలుతుందన్నారు.

గంగాలమ్మ


రంగూన్
4 నవంబరు 1984

వదినగారికి నమస్కారాలు.

పాస్‌పోర్టు వచ్చింది. ఫొటోలో నా చెవులు రెండూ సరిగ్గా కనిపించాలన్నారు. అందుకని జడ వెనక్కి బిగించి కూర్చున్నాను. చూస్తే మీరు గుర్తుపట్టకపోవచ్చు.

మీరు నెల అన్నారు, రెండో నెల నడుస్తోంది. తొందరేమీ లేదు. ప్రస్తుతం బడికి వెళ్ళడం లేదు, సెలవులో ఉన్నాను. ఏదైనా తెలిస్తే ఒక్క ముక్క రాయండి.

చిట్టమ్మ


విశాఖపట్నం
2 డిసెంబరు 1984

చిట్టమ్మకు,

పోయిన నెల తుపాను హెచ్చరిక వచ్చి పడవలన్నీ హార్బరులో కట్టేశారు. మా మేనమామ పోలిరాజు పడవ పక్క పడవకు కొట్టుకుని అంచు విరిగింది. వలలు తడిసి బరువెక్కాయి. ఎండబెట్టి చిరుగులు కుట్టడానికి ఆరుగురికి నాలుగు రోజులు పట్టింది. నేనూ సూది పట్టాను. కొత్త నైలాను తాడు జారిపోతుంది, ముడికి ఇంకో చుట్టు వెయ్యాలి. మామయ్య ఈ ముక్క అందరికీ రోజుకు పదిసార్లు చెబుతున్నాడు. ఐసు ఫ్యాక్టరీలో మోటారు కాలి రెండు రోజులు పని లేదు. వంజరం చేపలు అడిగిన ధరకు ఇచ్చేశారు.

వీసా కాగితం ఇంకా నడుస్తోంది.

తమ్ముడు కులాసా.

గంగాలమ్మ


రంగూన్
13 జనవరి 1985

వదినగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తుపాను, వలల గురించి తొమ్మిది వాక్యాలు ఉన్నాయి, వీసా గురించి ఒకటి. మీరు అడుగులు లెక్కపెట్టి రాసే మనిషి. ‘నడుస్తోంది’ అని వదిలేసే మనిషి కాదు.

ముందు నేను దాచింది చెబుతాను. నేను సెలవులో లేను. దేశం వదలడానికి దరఖాస్తు పెట్టినవాళ్ళు సర్కారు బడిలో ఉండకూడదన్నారు. ఆగస్టులోనే రాజీనామా ఇచ్చాను. ఇప్పుడు మా మేనమామ ఇంట్లో, వాళ్ళ పిల్లలకు చదువు చెబుతూ ఉంటున్నాను. నన్ను ఎవరూ ఏమీ అనరు. అయితే భోజనాల దగ్గర నా వీసా మాట ఎవరో ఒకరు ఎత్తుతారు.

రెండోది. దేశం వదిలి వెళ్ళడానికి నాకిచ్చిన అనుమతి మే 31తో అయిపోతుంది. ఆలోగా వెళ్ళకపోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. రెండోసారి ఇస్తారన్న హామీ లేదు.

మిమ్మల్ని తొందరపెట్టకూడదని ఇవి రాయలేదు. ఇప్పుడు మీరు దాచింది రాయండి.

చిట్టమ్మ


విశాఖపట్నం
10 ఫిబ్రవరి 1985

చిట్టమ్మా,

నీ ఉత్తరం నాలుగో తేదీన వచ్చింది. ఆ రాత్రే తమ్ముడికీ అమ్మకీ చెప్పాను. వాళ్ళకూ తెలియకుండా దాచాను.

వీసా కాగితం అక్టోబరు 29న వెనక్కి వచ్చింది. దాని మీద ఒకే ప్రశ్న ఉంది. "దరఖాస్తుదారు భర్త ఈ దేశంలో నివాసి కాదని అతని ఇన్‌కంటాక్స్ రిటర్ను చెబుతున్నది. భార్య ఎవరి దగ్గర ఉండడానికి వస్తున్నది?" ఎంక్వైరీ రిపోర్టులో అమ్మ మాట కూడా ఉంది: సగం సముద్రం మీదే.

ఆ గడిలో గుర్తు పెట్టింది నేను. నీ వీసా ఆపింది నేను. ‘ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాడు’ అని రెండుసార్లు జవాబిచ్చాను. రెండుసార్లూ ‘రిటర్నులో అలా లేదు’ అని వచ్చింది. రిటర్ను మారుద్దామంటే, మొదట అబద్ధం రాశాడని తమ్ముడి మీద కేసు పెడతారేమోనని భయం. అందుకే వలల సంగతి రాశాను.

తమ్ముడు ఆ కాగితం అడిగి తీసుకుని చూశాడు. తర్వాత, "అక్కా, తప్పుంటే సరిసేద్దాం, పన్నుంటే కట్టేద్దాం. అది రావాల" అన్నాడు. తెల్లారి ఇద్దరం గోపాలపట్నం వెళ్ళాం. అక్కడ గురునాథరావుగారని, ఇన్‌కంటాక్స్‌లో పనిచేసి రిటైరైన ఆయన, వీధి అరుగు మీద రిటర్నులు రాస్తుంటారు. తమ్ముడు ఓడ ఎక్కిన తేదీ, దిగిన తేదీ ఓడవాళ్ళు వేసి ఇచ్చే పుస్తకం తిరగేశారు.

"ఆగస్టు ఇరవైన ఎక్కావు. ఓడ రేవు వదిలిందెప్పుడు?"

"సెప్టెంబరు ఇరవై నాలుగునండి. ఇనప రాయి ఎత్తడానికి రేవులో బెర్తు దొరకలేదు. బయట లంగరేసి ఉంచేసినారు."

"బయటంటే ఎక్కడ?"

"మా ఇంటి కాడికి అగుపిస్తాదండి."

గురునాథరావుగారు కళ్ళజోడు తీశారు. "ముప్పై అయిదు రోజులు ఇంటికి కనిపించే దూరంలో ఉండి, దేశంలో లేనని రాశావా? గట్టు నుంచి పన్నెండు మైళ్ళ దాకా సముద్రం మన దేశమేనయ్యా!"

ఆ ముప్పై అయిదు రోజులూ మధ్యాహ్నం అమ్మ కేరేజీ కట్టింది. పోలిరాజు మామయ్య మర పడవ మీద ఓడ దాకా తీసుకెళ్ళి, సాయంత్రం ఖాళీ కేరేజీ తెచ్చేవాడు. గిన్నెలు తోమింది నేను. అయినా ఆ రోజులు నా లెక్కలోకి రాలేదు. కాయ కొట్టేశాం కదా. నిరుడు జనవరిలో ఓడ మళ్ళీ రాయి ఎత్తడానికి వచ్చి పద్దెనిమిది రోజులు ఉంది. 9 నుంచి 26 దాకా. ప్రయాణం ముగియలేదని అప్పుడూ వాడు గడప తొక్కలేదు. అప్పుడూ కేరేజీయే.

నూట నలభై రెండు, ముప్పై అయిదు, పద్దెనిమిది. నూట తొంభై అయిదు. తమ్ముడు మొదటి నుంచీ నివాసే.

ఇక రుజువు కావాలి. ఆ ఓడ అమ్ముడుపోయింది, దాని ఏజెంటు ఆఫీసు మూసేశాడు. రేవు పాత రిజిస్టర్ల నుంచి తేదీలు రాసి ఇవ్వడానికి ఆరు నెలలు పడుతుందట. మనకు అంత సమయం లేదు. సవరించిన రిటర్ను వేశాం. ఏప్రిల్ 9న విచారణకు రమ్మన్నారు. ఆ రోజుల గురించి తమ్ముడు నీతో ఎప్పుడైనా ఏదైనా అన్నాడేమో గుర్తు చేసుకుని రాయి. వాణ్ణి అడిగితే నేల చూస్తున్నాడు.

నా మీద కోపం వస్తే అదీ రాయి.

గంగాలమ్మ


రంగూన్
5 మార్చి 1985

ప్రియమైన వదినా,

‘గారు’ తీసేశాను. గిన్నెలు తోమి కూడా లెక్కలో వెయ్యని మనిషి మీద కోపం ఎలా వస్తుంది? ఇక్కడ మా మేనమామ భార్యకు చదివి వినిపించాను. ఆవిడ నవ్వడం ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి చూశాను.

మీ తమ్ముడు నేల ఎందుకు చూస్తున్నారో నాకు తెలుసు. ఆయనకు కలం పట్టడం రాదని మీరు రాశారు. నా పెట్టెలో ఆయన ఉత్తరాలు పదమూడు ఉన్నాయి. అన్నీ విశాఖపట్నం ముద్రతో వచ్చినవే. తొమ్మిదేమో 1983 ఆగస్టు, సెప్టెంబరుల్లోవి, నాలుగు ఆ తర్వాతి జనవరిలోవి. 1982లో ఓడ ఇక్కడికి వచ్చినప్పుడు గుడిలో పరిచయం. ఉత్తరాలు రాసే నాటికి పెళ్ళి కాలేదు. అందుకే ఇంట్లో చెప్పి ఉండరు. కవరు వెనక ఓడ పేరు, ‘వైజాగ్ లంగరు నుంచి’ అని, తేదీతో సహా ఆయన దస్తూరీ. ముందు వైపు పోస్టాఫీసు ముద్ర. మొదటిది ఆగస్టు 23, ఆ వరుసలో చివరిది సెప్టెంబరు 23. జనవరివి 10, 14, 19, 25.

ఓడ నుంచి గట్టుకు ఎలా చేరాయో నాకు తెలియదు. మీ పోలిరాజు మామయ్యను అడగండి.

పదమూడు కవర్లూ రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. కవర్లు మాత్రమే. ఉత్తరాలు నావి.

పెళ్ళయ్యాక ఒక్కటీ రాలేదు. ఆ సంగతి వచ్చాక తేల్చుకుంటాను.

మీ చిట్టమ్మ


విశాఖపట్నం
12 ఏప్రిల్ 1985

చిట్టమ్మా,

కవర్లు మార్చి 28న అందాయి. పదమూడూ ఉన్నాయి.

విచారణకు మేం అయిదుగురం వెళ్ళాం. తమ్ముడు, నేను, గురునాథరావుగారు, మామయ్య, అమ్మ. అమ్మను రావద్దన్నాం. "నా కొడుకు ఊళ్ళో ఉన్నాడో లేడో నాకంటే ఎవులికి తెలుసు?" అని బస్సెక్కేసింది. ఖాళీ కేరేజీ కూడా పట్టుకొచ్చింది. సాక్ష్యానికట.

ఆఫీసరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఓడ పుస్తకం చూశాడు. కవర్లు తేదీల వరుసలో బల్ల మీద పేర్చాడు. ముద్రలు భూతద్దంతో చూశాడు.

"ఇవి పోస్టులో ఎవరు వేశారు?"

మామయ్య లేచాడు. "నానే బాబూ. కేరేజీ అడుగు గిన్నెలో ఎట్టి ఇచ్చీవోడు. మా అప్పకి, అదే ఈళ్ళమ్మకి, సెప్పొద్దన్నాడు. సెప్పలేదు."

అమ్మ అతని వైపు తిరిగింది. "ఓరి నీ మొగం మండ! సేపల కూర గిన్నెలో ఉత్తరాలట్టుకొచ్చినావా? ఆ పిల్ల ఏటనుకోనాదో వాసనకి!"

తమ్ముడు మళ్ళీ నేల చూశాడు. ఆఫీసరు ఒక కవరు ముక్కు దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. తర్వాత అమ్మను అడిగాడు. "రోజూ అన్నం పంపారు కదా. మరి కొడుకు ఇక్కడ లేడని కాగితంలో ఎలా పెట్టారు?"

"కాయ కొట్టేసినాక లేనట్టే కద బాబూ," అంది అమ్మ. "లేనోడికైనా ఆకలేస్తాది."

ఆఫీసరు కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. పొరపాటు బుద్ధిపూర్వకం కాదు, ఇంటి ఆచారం వల్ల రోజులు లెక్కలో విడిచిపెట్టారు, సవరణ తామే వేశారు. కాబట్టి కేసు లేదు. ఓడ జీతం మీద పన్ను కట్టాలి. తమ్ముడు మర్నాడే కట్టేశాడు. నిన్న ఆర్డరు నకలు చేతికిచ్చారు. మూడో లైనులో ‘నివాసి’ అని ఉంది. దాన్ని నేనే వీసా ఆఫీసులో ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నాను. ఇంకో నకలు ఈ ఉత్తరంతో నీకు పంపుతున్నాను. పైకి పంపాలి, పది పదిహేను రోజులన్నారు. ఈసారి ‘నడుస్తోంది’ అని రాయను. తెలిసిన రోజున టెలిగ్రాం ఇస్తాను.

తమ్ముడు పక్కన కూర్చుని ఈ ఉత్తరంలో చోటు వదలమంటున్నాడు. వదలను. వేరే కాగితం ఇచ్చాను. గంట నుంచి రాస్తున్నాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

గంగాలమ్మ


టెలిగ్రాం
విశాఖపట్నం, 6 మే 1985

వీసా మంజూరు. రంగూన్‌లో మన రాయబార కార్యాలయానికి వెళ్ళు. బయలుదేరు. గంగాలమ్మ.


కలకత్తా
19 మే 1985

వదినా,

17న విమానం దిగాను. ఇక్కడి ఆఫీసులో విదేశీయురాలిగా పేరు రాయించుకోవాలన్నారు, రాయించుకున్నాను. గుమాస్తా భర్త నివాసం అడిగితే మీ ఆర్డరు నకలు ముందు పెట్టాను. మూడో లైను దగ్గర వేలు పెట్టి చూపించాను. అతను ఇంకేమీ అడగలేదు.

21 రాత్రి మద్రాసు మెయిలుకు టిక్కెట్టు దొరికింది. 22 మధ్యాహ్నం వాల్తేరులో దిగుతాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందొస్తానేమో. అలా అయితే మీరు ఫ్యాక్టరీ నుంచి రాగానే కలిసి చదువుకుందాం.

ఒక పెట్టె, ఒక చాప, పదమూడు ఉత్తరాలు తెస్తున్నాను. పద్నాలుగోది బయలుదేరే ముందు రోజు అందింది. ఆయన చాలా రాశారు. మీకు చూపించను. కవర్లు మాత్రం ఇన్‌కంటాక్స్ ఆఫీసులో నుంచి తిరిగి తీసుకోండి.

నేను దిగిన సత్రంలో ఒక పెద్దావిడ, ప్రయాణం బాగా జరగాలని, గుడిలో కొబ్బరికాయ కొట్టమని ఇచ్చింది. పుచ్చుకున్నాను, కొట్టలేదు. అత్త లెక్కలో కాయ కొడితే మనిషి లేనట్టు కదా. సంచిలో పెట్టుకున్నాను. పచ్చడికి పనికొస్తుంది.

వచ్చే రిటర్ను నేను నింపుతాను, మీరు సరిచూడండి. ఆయన రోజులతో పాటు నా రోజులు కూడా రాసి ఉంచుతున్నాను. మే 17 ఒకటో రోజు. వచ్చే మార్చి 31కి మూడు వందల పంతొమ్మిది అవుతాయి. ఏ గడిలో గుర్తు పెట్టాలో ఈసారి ఎవరినీ అడగనక్కరలేదు.

ఇవాళ మూడో రోజు.

చిట్టమ్మ